పది రూపాయల బిళ్ళలు బ్యాంకులో కట్టిన నా అనుభవం

ఈ రోజు మధ్యాహ్నం డబ్బు ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

విజయవాడ సత్యనారాయణపురంలో మాకు చిన్న టిఫిన్ కొట్టు ఉంది. చెల్లదన్న పుకారు పట్టుకుని ఊళ్ళో చాలా కొట్లలో పది రూపాయల బిళ్ళ తీసుకోరు, నేను తీసుకుంటాను. ఆ సంగతి తెలిసి ఇంట్లో మూలన పడి ఉన్నవన్నీ జనం నా దగ్గరికే తెచ్చారు. తీరా నేనిస్తే కూరగాయలవాళ్ళు తీసుకోరు, పాలవాళ్ళూ తీసుకోరు. నూరేసి చొప్పున కవర్లలో కట్టి బ్యాంకుకు పట్టుకెళ్ళాను.

క్యాషియర్ ఒక కవరు విప్పి కౌంటర్ మీద పోశాడు. అచ్చులో పది గీతలున్నవి ఒక పక్కకి, పదిహేను గీతలున్నవి ఇంకో పక్కకి జరిపాడు. అంతలో అంబేద్కర్ గారి బొమ్మ ఉన్న బిళ్ళ చేతికొచ్చింది. "ఇదేంటమ్మా, బొమ్మల బిళ్ళలు కూడా కలిపేశావ్? ఎక్కడ దొరుకుతాయి నీకివన్నీ?" అంటూ నా వైపు విసిరాడు. అది కిందపడి దొర్లింది. నా వెనక లైన్లో రోజూ మా కొట్టుకొచ్చే ఆయన ఉన్నాడు. దొంగ డబ్బు మార్చడానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు అందరూ. వంగి ఆ బిళ్ళ తీసుకుంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ఏమీ కట్టకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ బిళ్ళ అంబేద్కర్ గారి 125వ జయంతి గుర్తుగా వేసింది. 2015 డిసెంబర్ 6న, ఆయన వర్ధంతి రోజున ప్రధానమంత్రి విడుదల చేశారు. ఒకవైపు సింహాలు, రెండోవైపు ఆయన ముఖం, చుట్టూ హిందీ, ఇంగ్లీషు అక్షరాలు. అంచు పసుపు, నడుమ తెలుపు, వెడల్పు 27 మిల్లీమీటర్లు. మామూలు పది బిళ్ళకీ ఇంతే. దాచుకునేవాళ్ళ కోసం అదే రోజు 125 రూపాయల నాణెం వేరే విడుదల చేశారు. పది రూపాయలది మాత్రం చేతులు మారడానికి వేసింది. రాజ్యాంగం రాసినాయన ముఖం కూలివాళ్ళ జేబులోనూ, నా గల్లా పెట్టెలోనూ తిరగాలనే కదా! స్వరాజ్ మైదానంలో 125 అడుగుల విగ్రహం నిలబెట్టుకున్న ఊళ్ళో ఆ ముఖాన్ని నేల మీదకి విసరడానికి చెయ్యెలా వచ్చింది?

పది గీతలున్నదే అసలుది, పదిహేను గీతలున్నది దొంగది అనే గొడవ కూడా ఉత్త పుకారే. రూపాయి గుర్తు వచ్చింది 2010లో. అంతకుముందు వేసిన గీతల బిళ్ళ మీద ఆ గుర్తు లేదు, గీతలు పదిహేను. 2011 నుంచి గుర్తు వచ్చింది, గీతలు పదయ్యాయి. రెండూ ప్రభుత్వం వేసినవే. అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి 17నే చెప్పింది.

ఆ ప్రకటన నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఆగలేదు, నేరుగా మేనేజర్ గదిలోకే. "తీసుకోకపోతే 'మేం తీసుకోం' అని రాసి, స్టాంపు వేసి ఇవ్వండి సార్" అన్నాను. ఆయన కాగితం చదివి, బెల్లు కొట్టి, అన్నీ జమ చేయించారు.

మీకూ ఇలా జరిగితే కౌంటర్ దగ్గర వాదించకండి, టైమ్ వేస్ట్. రాసిమ్మని అడగండి. సోమవారం పొద్దున మాత్రం వెళ్ళకండి, మనిషి మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. మీ బిళ్ళ మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందేమో చూసుకోండి, ఉంటే అది మన హైదరాబాద్ మింట్‌లో తయారైనదే.

ఆ క్యాషియర్ రసీదు మీద స్టాంపు వేసి ఇచ్చాడు గానీ, క్షమించమ్మా అని ఒక్క మాట అనలేదు.