డాండెలియన్: పువ్వు కాదు, ముందు కాడ చూడండి

పసుపు పువ్వు కనబడితే చాలు, డాండెలియన్ అనేస్తారు. కషాయానికి కోసుకునేవాళ్ళు కూడా అంతే ధీమాగా అంటుంటే నాకు టెన్షన్. నేనైతే ముందు కాడ తుంచుతాను. లోపల బోలుగా ఉండాలి. మీద ఒక్క ఆకు గానీ, పక్క కొమ్మ గానీ ఉండకూడదు. తుంచిన చోట తెల్లటి పాలు ఊరాలి. అవి వేలికి అంటితే కాసేపటికి గోధుమరంగు మరక తేలుతుంది. దీన్నే పోలిన హైపోకీరిస్‌కీ పాలు కారతాయి, కానీ దాని కాడ గట్టిగా ఉండి కొమ్మలు వేస్తుంది, ఆకుల నిండా గరుకు నూగు. కాబట్టి పాలు ఒక్కటే చూసి నమ్మొద్దు.

కాడ చివర కనిపించేది కూడా ఒక్క పువ్వు కాదు. బంతి, పొద్దుతిరుగుడుల ఆస్టరేసీ కుటుంబమే ఇదీ. ఒక రేకును గోటితో పీకి వెలుతురులో పట్టుకోండి. పైన ఐదు బుల్లి పళ్ళు, అడుగున అండాశయం, మధ్యలోంచి పొడుచుకొచ్చి రెండుగా చీలి మెలితిరిగిన కీలాగ్రం. రేకనుకున్నదే పూర్తి పువ్వు! నాకు ఇంకా వింతగా అనిపించేది, చాలా రకాలు పుప్పొడి అక్కర్లేకుండానే గింజ కట్టేస్తాయి. పిల్లలన్నీ తల్లికి నకళ్ళే. అయినా తేనె, పుప్పొడి తయారుచేయడం మానలేదు, తేనెటీగలకు పండగే. ఈ నకళ్ళ వల్లే డాండెలియన్ ప్రజాతి అయిన టరాక్సకమ్‌లో జాతులు ఎన్ని ఉన్నాయో తేల్చడంలో వృక్షశాస్త్రవేత్తలకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

ఇక మందు సంగతి. మొక్క మొత్తం చేదే, కాకపోతే పూత రాకముందు లేత ఆకు కాస్త నయం. అందులో పొటాషియం బాగా ఉంటుంది, మూత్రం సాఫీగా రావడానికి వాడతారు. ఆకలికి, అరుగుదలకు మాత్రం దాని వేరును వాడతారు. శరదృతువులో తవ్విన తల్లివేరులో ఇనులిన్ అనే పిండిపదార్థం నిండుగా ఉంటుంది, వేయించి కాఫీకి బదులు తాగేది దాన్నే. లివర్‌ను కడిగేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను, మనుషుల మీద గట్టి రుజువులు లేవు.

పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు గానీ, మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం గానీ వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. చామంతి జాతి పూలు పడనివాళ్ళకూ అంతే. కలుపు మందు కొట్టిన గడ్డిలో, రోడ్డు పక్కన మొలిచినవి ఎంత ఏపుగా ఉన్నా నేను కోయను.