ఎక్కాలు సరే, వరస ఏది?

మన ల్యాబ్‌లో సి భాష నేర్చుకున్న ఏ బ్యాచ్‌నైనా అడగండి, లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లో) లూప్ అనగానే ఎక్కాల ప్రోగ్రామే గుర్తుకొస్తుంది. బయటి లూప్‌ను లెక్కపెట్టే ఐ 2 నుంచి 4 దాకా, లోపలి లూప్‌ను లెక్కపెట్టే జె 1 నుంచి 10 దాకా. ఐ ఒక్క అడుగు వేసేలోపు జె పదిసార్లూ తిరిగొస్తుంది. రికార్డులో రాశాం, వైవాలో చెప్పాం. ప్రోగ్రామ్ రాసినదంతా దాచుకునే లాగ్ ఫైల్‌లో వరస తారుమారైతే ఏం చేయాలో మాత్రం రికార్డులో ఉండదు. జూనియర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొచ్చేది అదే.

"2వ ఎక్కం మొదలు" లాంటి శీర్షికలు స్టాండర్డ్ ఎర్రర్‌కు (తప్పుల సందేశాలు వెళ్లే దారి), ఎక్కం లైన్లు ప్రింట్‌ఎఫ్‌తో స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు (మామూలు ఫలితాలు వెళ్లే దారి) పంపారనుకోండి. లైనక్స్‌లో తెర మీద అంతా వరసగానే ఉంటుంది. ఫైల్‌లోకి మళ్లించి చివర 2>&1 (ఎర్రర్‌నూ అదే ఫైల్‌లోకి పంపమని) పెడితే మూడు శీర్షికలూ పైన, లైన్లన్నీ కింద!

లూప్‌ను అనుమానించే ముందు లైన్లు లెక్కపెట్టండి. 33 ఉంటే లూప్ తప్పు లేదు. 13 ఉంటే లోపల వైల్ లూప్ పెట్టి, జెను మళ్లీ 1 చేయడం మరిచారన్నమాట. జె 11 దగ్గరే ఉండిపోయి 3, 4 ఎక్కాలు అసలు పడవు. ఫైల్‌లో ఈ రెండు తప్పులూ పైపైన ఒకేలా కనిపిస్తాయి, అందుకే లెక్క ముందు.

33 ఉన్నప్పుడు కారణం బఫర్, అంటే రాయాల్సింది బయటికి పంపేముందు పోగేసే చోటు. తెరకైతే లైన్ ముగియగానే వెళ్తుంది. ఫైల్‌కైతే బఫర్ నిండేదాకా ఆగుతుంది, సాధారణంగా అది 4096 బైట్లు. "2 * 1 = 2" లైన్ న్యూలైన్‌తో కలిపి 10 బైట్లు, మూడు ఎక్కాలూ కలిపినా 324. ప్రోగ్రామ్ ముగిసేదాకా ఒక్కటీ కదలదు. స్టాండర్డ్ ఎర్రర్‌కు బఫర్ లేదు, శీర్షికలు ముందే వెళ్లిపోతాయి. ఎక్కాలు బాగా పెంచితే బఫర్ లైన్ మధ్యలోనే నిండి, తెగిన సగం లైన్‌కు శీర్షిక అతుక్కుంటుంది.

లోపలి లూప్ ముగిశాక, బయటి బ్రేస్ మూసే ముందు స్టాండర్డ్ అవుట్‌పుట్ బఫర్‌ను వెంటనే ఖాళీ చేయించే ఎఫ్‌ఫ్లష్ ఒక్కటి చాలు. పైథాన్‌లోనైతే ప్రింట్‌కు ఫ్లష్=ట్రూ.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోవడం) వస్తే మాత్రం సంగతి వేరు. బఫర్‌లో మిగిలిందంతా పోతుంది. లాగ్‌లో చివర కనిపించిన లైన్ దగ్గరే ప్రోగ్రామ్ ఆగిందని నమ్మి అక్కడ వెతికితే దొరకదు, తప్పు ఎన్నో చుట్లు ముందుకెళ్లాక జరిగి ఉంటుంది. అప్పుడు ఎఫ్‌ఫ్లష్‌ను లోపలి లూప్‌లోనే పెట్టండి. లైన్‌కోసారి రాయడం వల్ల ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. తప్పు దొరికాక తీసి మళ్లీ బయటి లూప్‌లో పెట్టుకోవచ్చు.