పుండు మీది బరువు

మా నాన్నగారి కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, ఏళ్ల తరబడి ఒక ఆనెకాయ ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పిన కాలు కదా అని మేము దానిని ఏనాడూ పట్టించుకోలేదు. గత ఏడాది వేసవిలో ఒక రోజు అమ్మ దుప్పటి ఉతకబోతూ, కాళ్ల వైపు పసుపుపచ్చగా ఎండిపోయిన మరక చూసి ఆయనను కూర్చోబెట్టి కాలు ఎత్తించింది. ఆనెకాయ అంచు నుంచి రసి కారుతోంది. నొప్పి ఏమైనా ఉందా అని అడిగితే, "అబ్బే, ఏమీ లేదు, పొద్దున గుడికి కూడా వెళ్లి వచ్చాను కదా" అన్నారు. షుగరు వచ్చి పందొమ్మిదేళ్లయిన మనిషికి అరికాలిలో పుండు పడి నొప్పి లేకపోవడం ఊరట కలిగించే సంగతి కాదని మాకు అప్పటికి తెలియదు.

ఆ తరువాతి ఆరు వారాలు మేము చేసిన వైద్యాన్ని దాచుకోకుండా రాస్తాను. మొదట పసుపు, తరువాత వీధి చివరి డాక్టరు ఇచ్చిన పౌడరు, ఆ తరువాత బెటాడిన్, రెండు రకాల యాంటీబయాటిక్ మాత్రలు, మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాడాము. పెరాక్సైడ్ పోసినప్పుడు తెల్లటి నురగ బుసబుస పొంగుతుంటే లోపలి చెడు అంతా బయటికి వచ్చేస్తున్నట్లు అనిపించేది. ఆ మందు క్రిములతో పాటు కొత్తగా పుట్టుకొస్తున్న కణాలను కూడా చంపుతుందని, రోజువారీ కడగడానికి మామూలు సెలైన్ చాలునని తరువాత తెలిసింది. పుండుకు గాలి తగిలితేనే మానుతుందని మా నాయనమ్మ చెప్పిన మాటను పట్టుకుని రాత్రిళ్లు కట్టు విప్పి ఉంచేవాళ్లము. అది కూడా తప్పే. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందిపిల్లల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పల్చటి పాలిథిన్ పొరతో కప్పి చూస్తే, కప్పి ఉంచినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. నేటి డ్రెస్సింగులు చాలా వరకు, గాయాన్ని ఆరిపోనివ్వని ఆ తడి సూత్రం మీదే తయారవుతున్నాయి. ఈ ఆరు వారాలూ నాన్నగారు రోజూ రైతుబజారుకు, గుడికి నడిచి వెళ్తూనే ఉన్నారు.

చివరకు ఒక పాదాల క్లినిక్కుకు తీసుకువెళ్లాము. అక్కడి డాక్టరు గారు కట్టు విప్పి, మందు ఏదీ రాయకుండా, ముందుగా బ్లేడు తీసుకుని ఆనెకాయను పొరలు పొరలుగా చెక్కడం మొదలుపెట్టారు. మత్తు ఇవ్వలేదు, దాని అవసరమూ కలగలేదు. ఎండిన కొబ్బరి పెంకులాంటి గట్టి చర్మం ఊడివస్తున్న కొద్దీ దాని కింద దాగి ఉన్న గుంట బయటపడింది. మేము ఆరు వారాలుగా పూసిందంతా పైన కనిపిస్తున్న చిన్న రంధ్రానికే గాని, అసలు పుండు రూపాయి బిళ్లంత వెడల్పున లోపల ఉంది. అమ్మ ముఖం తిప్పుకుంది. తరువాత ఆయన మొద్దుకొన ఉన్న సన్నటి లోహపు కడ్డీని గుంటలోకి మెల్లగా దించి అడుగు తడిమి చూశారు. ఎముక గట్టిగా తగిలితే ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకిందని అనుమానించాలట. తగలలేదు. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది.

అప్పుడు నాన్నగారిని కళ్లు మూసుకోమని, పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును పాదం మీద ఒక్కొక్క చోట ఆనిస్తూ, "తగిలినప్పుడల్లా చెప్పండి మాస్టారూ" అన్నారు. అరికాలు అంతా ఆనించడం పూర్తయిన తరువాత నాన్నగారు కళ్లు మూసుకునే ఉండి, "ఇంకా మొదలుపెట్టలేదా డాక్టర్ గారూ?" అని అడిగారు. గదిలో ఎవరమూ మాట్లాడలేదు.

షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు పోయేది స్పర్శ ఒక్కటే కాదని ఆ రోజు అర్థమయింది. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు పక్షి గోళ్లలా వంకరపోతాయి, వేళ్ల మొదళ్లలోని ఎముకలు కిందికి పొడుచుకువస్తాయి, చెమట పట్టక చర్మం ఎండి పగులుతుంది. ఆ పొడుచుకువచ్చిన చోటే శరీరం బరువు పడి పడి ఆనె కడుతుంది, ఆనె గట్టిపడి చెప్పులో ఇరుక్కున్న రాయిలా లోపలి కండను నలుపుతుంది, అక్కడ పుండు పడుతుంది. మనమైతే రెండో అడుగుకే కుంటుతాము. నొప్పి తెలియని మనిషి అదే పుండు మీద వేల అడుగులు వేస్తాడు. దీనికి తోడు కాలికి వెళ్లే రక్తనాళాలు కూడా పూడుకుపోయి ఉంటే పుండు మానడం చాలా కష్టం కనుక, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే నాళం ఇరుకైనట్లు. షుగరు రోగులలో నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడడం వల్ల ఒక్కొక్కసారి అంకె ఎక్కువగా చూపి మోసం చేస్తుంది కాబట్టి, 1.3 దాటితే కాలి వేలి రక్తపోటు కూడా చూడాలన్నారు. నాన్నగారికి రక్తం బాగానే అందుతోంది. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవు గనుక యాంటీబయాటిక్ కూడా ఆపేశారు. అది మాకు మింగుడుపడలేదు. పుండు ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం లేదని, ఎరుపు, వాపు, వేడి, చీము వంటివి ఉన్నప్పుడే ఇవ్వాలని ఆయన రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆ తరువాత మోకాలి కింది నుంచి వేళ్ల దాకా పిండికట్టు వేశారు. ఎముక విరగని కాలికి పిండికట్టు ఏమిటని నేను తెల్లబోయాను. అయితే ఈ కట్టు కాలి ఆకృతికి అంటిపెట్టుకుని ఉండి, ఒక్క బిందువు మీద పడే బరువును అరికాలంతటికీ పరుస్తుంది, కొంత భాగాన్ని పిక్క మీదుగా మోస్తుంది, అడుగు పొడవును కూడా తగ్గిస్తుంది. ఈ పద్ధతి షుగరు రోగులకు చేరడం వెనుక కుష్ఠు వైద్యం ఉంది. తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వెల్లూరు వచ్చి, కుష్ఠు రోగుల కాళ్లు ఆ వ్యాధి వల్ల వాటంతట అవే కుళ్లిపోవడం లేదని, నొప్పి తెలియక పదే పదే దెబ్బతినడం వల్లనే పుండ్లు పడుతున్నాయని చూపించాడు. అక్కడ పుండ్లకు వేసిన పిండికట్టును, మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్) రబ్బరు చెప్పుల ఆలోచనను ఆయన తరువాత అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి తీసుకువెళ్లగా, అక్కడి నుంచి అవి మధుమేహ వైద్యంలోకి పాకాయి. ఈనాటికీ, రక్తప్రసరణ సరిగా ఉండి తీవ్రమైన ఇన్ఫెక్షన్ లేని అరికాలి పుండుకు, రోగి సొంతంగా విప్పుకోలేని ఇటువంటి కట్టునే అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట సూచిస్తున్నాయి.

విప్పుకోలేకపోవడమే దాని బలం. విప్పుకోగలిగే బూటు ఇచ్చిన రోగుల మీద అమెరికాలో పరిశీలిస్తే, వారు వేసిన అడుగులలో 28 శాతం మాత్రమే ఆ బూటుతో వేసినట్లు తేలింది. మా నాన్నగారి సంగతి తెలిసిన నేను ఆ అంకె కూడా ఎక్కువేనంటాను. కట్టు ఉన్నప్పుడు కూడా ఆయన గొణుగుడు తక్కువేమీ కాదు. స్నానానికి పాలిథిన్ సంచి కట్టాలి, ఒక కాలు ఎత్తు పెరగడంతో నడుము లాగుతుంది, ఎండకు లోపల దురద పెడుతుంది. రెండో చెప్పుకు అదనంగా ఒక అట్ట అంటించి నడుము సంగతి చక్కదిద్దాము. దురదకు మందు లేదు.

వారానికి ఒకసారి కట్టు మార్చేటప్పుడు నర్సు, చొక్కా ప్యాకింగులో వచ్చే పారదర్శక కాగితాన్ని పుండు మీద ఆనించి స్కెచ్ పెన్నుతో అంచు గీసి ఇచ్చేది. నాన్నగారు ఇంటికి రాగానే దానిని గ్రాఫు కాగితం మీద పరిచి, సగానికి మించి నిండిన గడిని ఒకటిగా లెక్కించి, సగం నిండనిదానిని వదిలివేసి, తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పినట్లే వైశాల్యం కట్టేవారు. మొదటి వారం 412 చదరపు మిల్లీమీటర్లు. నాలుగో వారం 186. ఈ లెక్కకు వైద్యంలో విలువ ఉంది. నాలుగు వారాలలో పుండు వైశాల్యం సగానికైనా తగ్గకపోతే అది పన్నెండు వారాలలో మానే అవకాశం బాగా తక్కువ కనుక, అక్కడ ఆగి ఏం లోపించిందో మళ్లీ వెతకాలి.

ఈలోగా బంధువులు ఊరుకుంటారా! డాలస్‌లోని మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, "బాబాయికి గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాయించండిరా" అన్నాడు. అది ఉన్నమాటే. కణాల పెరుగుదలను ప్రేరేపించే బెకాప్లెర్మిన్ అనే జెల్‌ను అమెరికా 1997లో అనుమతించింది, మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ వేరొక గ్రోత్ ఫ్యాక్టర్‌తో రీజెన్-డి తయారుచేసింది, క్యూబా వారు ఇదే తరహా మందును పుండులోకి సూదితో ఎక్కిస్తారు. పుండు మీద స్పాంజి పెట్టి మూసి, సాధారణంగా 125 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో రసిని పీల్చే వాక్యూమ్ యంత్రం శస్త్రచికిత్స తరువాతి లోతైన గుంటలకు బాగా ఉపయోగపడుతుంది. అమెరికాలో 2004 నుంచి అనుమతి ఉన్న ఈగ పురుగుల వైద్యం కూడా ఉంది, అవి చచ్చిన కండను మాత్రమే తిని బతికిన కండను వదిలివేస్తాయి. జెల్ సంగతి నేను కదిపితే డాక్టరు గారు, "బస్తా దించకుండా కూలీ భుజానికి నూనె రాస్తానంటే ఎలాగండీ?" అన్నారు. నాలుగో వారం లెక్క బాగుండడంతో మాకు ఆ అవసరం రాలేదు. జెల్‌ల మీద, ఒత్తిడితో ఆక్సిజన్ పీల్పించే గదుల మీద వేలూ లక్షలూ పోసి, రోగిని మాత్రం అదే పాత చెప్పులతో ఇంటికి పంపే చోట్లను ఆ తరువాత చూశాను, అందుకే ఈ విషయంలో నా మాట కాస్త కరుకుగా ఉంటుంది.

దీర్ఘకాలపు పుండ్లన్నింటికీ ఇదే సూత్రమని అనుకోకూడదు. రోజంతా పెనం ముందు నిలబడి టిఫిను బండి నడిపే మా మేనత్తకు చీలమండ లోపలి వైపు, కాస్త పైన, నల్లబడిన చర్మం మధ్య పుండు పడి రెండేళ్లు మానలేదు. ఆమెకు షుగరు లేదు. సిరలలో కవాటాలు పాడై రక్తం కిందనే నిలిచిపోవడం దానికి కారణం. అక్కడ వైద్యం తలకిందులు, అంటే ఒత్తిడిని కావాలని కలిగించాలి. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉండి పైకి పోయేకొద్దీ తగ్గేలా పొరలు పొరలుగా కట్టు బిగించాలి. ధమనులు పూడుకున్న కాలికి అదే కట్టు ప్రమాదం కాబట్టి ముందు రక్తప్రసరణ పరీక్ష తప్పనిసరి. నాన్నగారి కాలు చూసి భయపడి ఆమె కూడా వెళ్లింది. పుండు నాలుగు నెలలలో మానింది గాని, బిగుతు మేజోళ్లు వేసుకోమంటే, పొయ్యి వేడికి ఎవరు వేసుకుంటారని మాతో ఇప్పటికీ పోట్లాడుతుంది.

నాన్నగారి పుండు పదకొండో వారంలో పూడుకుంది. గ్రాఫు కాగితం మీద ఆ రోజు సున్నా వేసి, కింద గీత గీసి సంతకం చేశారు. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయని డాక్టరు గారు చెప్పడంతో ఆ పుస్తకం మూయలేదు. ఎం.సి.ఆర్. చెప్పులు కుట్టించాము, ఇంట్లో కూడా అవే వేసుకుంటున్నారు. ఎండ ఎక్కక ముందే గుడికి వెళ్లి, మేజోళ్లతోనే ఒక్క ప్రదక్షిణ చేసి వస్తున్నారు. రెండు పాదాలలో ఒకే చోట వేడి 2.2 సెల్సియస్ డిగ్రీలకు మించి తేడా ఉంటే లోపల కండ నలుగుతున్నట్లు గుర్తని చదివి, కరోనా కాలంలో కొన్న థర్మామీటరుతో రోజూ ఉదయం ఆరు చోట్ల కొలిచి రాసుకుంటున్నారు. సంక్రాంతికి మనవల వెనక తిరిగిన మర్నాడు కుడి బొటనవేలి మొదట్లో 2.6 తేడా వచ్చింది. ఎవరికీ చెప్పకుండా వాలు కుర్చీలో కూర్చుని, రెండు రోజులు పేపరు కూడా అమ్మ చేతనే తెప్పించుకున్నారు. మూడో రోజు గడిలో 0.7 అని ఉంది, పక్కనే ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి ఉంది.