బేస్‌బాల్ మైదానంలో భాగహారం

అమెరికాలో పెరుగుతున్న మా అబ్బాయికి దశాంశాలు నేర్పడానికి నేను ఎంచుకున్న సాధనం, వాడికి ప్రాణమైన బేస్‌బాల్. హిట్ల (బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ అనే మజిలీని చేరుకోవడం) సంఖ్యను ఎట్-బ్యాట్‌ల (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) సంఖ్యతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. పదింటికి మూడు హిట్లయితే 0.300. పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు, నాలుగు తప్పుడు బంతులు వేసినందువల్ల దక్కే వాక్‌ను (బంతిని కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లే అవకాశం) ఆ హారంలో కలపరు కనుక, భాగించే ముందే ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో పిల్లవాడు ఆలోచించవలసి వస్తుంది. గణితంలో అసలు కష్టం అక్కడే ఉందని నా నమ్మకం.

సంఖ్యలను సవరించడం నేర్పడానికి టెడ్ విలియమ్స్ కథను మించినది లేదు. 1941 సీజన్ చివరి రోజుకు ఈ బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడి లెక్క 448 ఎట్-బ్యాట్‌లలో 179 హిట్లు, అంటే 0.39955, మూడు దశాంశ స్థానాలకు సవరిస్తే, బ్యాటర్లకు అరుదుగా దక్కే 0.400. ఆడకుండా కూర్చున్నా ఆ అంకె నిలిచేదే. ఆయన మాత్రం ఆనాటి రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదింటిలో ఆరు హిట్లు కొట్టి 0.406తో సీజన్ ముగించారు. మావాడు 185ను 456తో స్వయంగా భాగించి, 0.4057 వచ్చేదాకా పెన్సిల్ కింద పెట్టలేదు.

ఇక జ్యామితి. నాలుగు బేస్‌లు ఒక చతురస్రం మూలల్లో ఉంటాయి. పిల్లలు ఆడే లిటిల్ లీగ్ మైదానంలో పక్కపక్క బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు కనుక, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి దానికి ఎదురు మూలనున్న సెకండ్ బేస్‌కు సుమారు 85 అడుగులని పైథాగరస్ సిద్ధాంతం చెబుతుంది. ఆట ముగిశాక టేపు పట్టి పిల్లలే సరిచూసుకోవచ్చు.