రెండు వోల్టుల కింద 74హెచ్‌సీ04

శ్రీకాకుళంలో మా ల్యాబ్‌కి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు రెండు పెన్సిల్ సెల్స్‌తో ట్యాంకులో నీటి మట్టం చూపించే సర్క్యూట్ కట్టి తెస్తారు. సెల్స్ అరిగి సప్లై 1.8 వోల్టులకు పడిపోయినా అందులోని 74హెచ్‌సీ04 చిప్ గేట్లు (ఒకటి ఇస్తే సున్నా, సున్నా ఇస్తే ఒకటి ఇచ్చే ఆరు ఇన్వర్టర్లు) మారుతూనే ఉంటాయి. డేటాషీట్ (చిప్ తయారుచేసే కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) చెప్పేది మాత్రం 2 నుంచి 6 వోల్టులు. "పనిచేస్తంది కదా సార్, మరేటి?" అంటారు.

అడగాల్సిన ప్రశ్నే అది. నోటితో చెప్పకుండా, ఆ చిప్‌లోని ఐదు ఇన్వర్టర్లను వలయంగా కలిపి స్కోప్‌కి (సిగ్నల్‌ని తెర మీద అలగా చూపించే పరికరానికి) తగిలించమంటాను. (ఆరోదాని ఇన్‌పుట్ గ్రౌండ్‌కి కట్టేయాలి, గాలికి వదలకూడదు.) సప్లై నాబ్ తిప్పుతూ వోల్టేజీ తగ్గిస్తే, వలయంలో తిరిగే సిగ్నల్ నెమ్మదించి తెర మీద అలలు సాగిపోతాయి. ఒక కంపెనీ డేటాషీట్‌లో గేటు ఆలస్యం (ఇన్‌పుట్ మారాక అవుట్‌పుట్ మారడానికి పట్టే సమయం) 4.5 వోల్టుల దగ్గర సుమారు 9 నానోసెకన్లు, 2 వోల్టుల దగ్గర 45. ఇంకా దిగితే ఈ ఆలస్యం మరీ వేగంగా పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికే కొంత వోల్టేజీ పోతుంది, కరెంటును నడిపించడానికి మిగిలేది కొంచెమే.

అక్కడే ఇంకో వింత చూపిస్తాను. మామూలుగా చిప్ వేడెక్కితే నెమ్మదిస్తుంది. నాబ్ బాగా కిందికి దించాక సోల్డరింగ్ ఐరన్ దగ్గరగా పెడితే, అదే చిప్ వేగం పుంజుకుంటుంది! పిల్లల కళ్ళు అప్పుడు చూడాలి.

అంటే ఆ 1.8 వోల్టుల పని ఈ చిప్‌ది, ఈ పూట వేడిది. చిప్‌లు వచ్చే అదే ట్యూబులోంచి ఇంకోటి తీస్తే ఇంకోలా ఉండొచ్చు. పైగా ట్యాంకు దాకా పొడవాటి వైరు, పక్కనే మోటారు. 5 వోల్టుల దగ్గర లెక్కలోకి రాని నాయిస్ (వైరులోకి చొరబడే అనవసరపు సిగ్నల్) ఇక్కడ తప్పుడు పల్స్ అయి కూర్చుంటుంది.

తక్కువ వోల్టేజీ మీద నాకు కోపం లేదు. స్విచింగ్‌లో ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి, 5 నుంచి 1.8కి దిగితే దాదాపు ఎనిమిదో వంతు చాలు. అందుకే 0.8 వోల్టుల నుంచి నడిచే 74ఏయూపీ చిప్‌లు వచ్చాయి. కానీ అవి పిల్లలు వాడే బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా చిప్ కాళ్ళు గుచ్చే బోర్డు) మీద గుచ్చేవి కావు.

ట్యాంకు సర్క్యూట్‌కి మూడో సెల్ పెట్టమంటాను. ఒక్కోటి 0.9కి అరిగినా 2.7 వోల్టులుంటుంది.