రెండు గోళీలు ఇవ్వమని నన్ను అడగొద్దు

కొత్త బియ్యం ఇళ్లకు చేరే రోజులొచ్చాయంటే నా ఫోన్ ఆగదు. "అన్నా, మీ దగ్గర ఆ బియ్యంల పెట్టే గోళీలు ఉంటయి కదా, ఒక రెండు ఇయ్యరాదు?" అని. హాలియాలో ఉండే మా బావమరిదయితే ఏటా అడుగుతాడు. "బావా, గోదాంల వేలకు వేలు పెడ్తవు, నాకు రెండిస్తే నీ సొమ్మేం పోతది?" అంటాడు. ఇవ్వనంటే అలుగుతాడు. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో, గోదాముల్లో ఫ్యూమిగేషన్, అంటే విష గ్యాస్ పెట్టి పురుగును చంపే పని, చేయించేది నేనే. గోళీ మా ఇంటి గడప దాటి లోపలికి రాదు. ఎందుకో ప్రతివాడికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ఆ గోళీలో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడ్, 56 శాతం. సెల్ఫాస్, క్విక్‌ఫాస్ లాంటి పేర్లతో వస్తుంది. మా దగ్గర ఏ కంపెనీదైనా సెల్ఫాసే అంటారు. ఒక్కోటి 3 గ్రాములు. దానికి నీళ్లు అక్కర్లేదు, గాలిలో ఉన్న తేమ తగిలితే చాలు, మెల్లగా ఫాస్ఫీన్ అనే గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది. 3 గ్రాముల గోళీ నుంచి 1 గ్రాము గ్యాస్ వస్తుంది. చివరికి మిగిలేది బూడిద రంగు పొడి. పురుగును చంపేది ఆ గ్యాసే.

"గుడ్డలో మూటగట్టి బస్తా మధ్యలో పెడతాం, బియ్యానికి తగలనియ్యం" అని చాలామంది ధైర్యంగా చెబుతారు. ముక్కు పురుగు బియ్యపు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. ఆ గింజ లోపలికి కూడా దూరి పిల్ల పురుగును చంపుతుంది కాబట్టే గోదాముల్లో ఈ గ్యాస్ వాడతాం. అలాంటిదానికి మీ పాత చీర ముక్క ఏం అడ్డు? గోనె సంచి, తలుపు కింద సందు, కరెంటు వైరు కోసం గోడకు కొట్టిన బొక్క, అన్నీ దానికి దారులే.

ఇక రెండు గోళీల లెక్క చూద్దాం. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తున్న గది అనుకోండి. మన ఊళ్లలో బియ్యం బస్తాలు ఉండేదీ, పిల్లలు పడుకునేదీ అలాంటి గదిలోనే. తలుపులు గట్టిగా మూసి, రెండు గోళీల గ్యాస్ మొత్తం ఆ గాలిలో కలిస్తే సుమారు 50 పీపీఎం అవుతుంది. అంటే పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు. పనిచేసేవాళ్లు రోజుకు 8 గంటలు పీల్చే గాలిలో ఉండదగిన హద్దు 0.3 పీపీఎం. ప్రాణానికి అప్పటికప్పుడే ప్రమాదమని అమెరికా ఆరోగ్య సంస్థ గీసిన గీత సరిగ్గా 50. గ్యాస్ అంతా ఒక్కసారే రాదు, కొంత బయటికి పోతుంది, నిజమే. కానీ పడుకున్న మనిషి ఎనిమిది గంటలు అదే గాలి పీలుస్తాడు. చిన్నపిల్లలు ఇంకా తొందరగా దెబ్బతింటారు. మా బావమరిది అడిగేది కూడా సరిగ్గా రెండే.

గోదాంలో మేం చేసే పని చూసినవాళ్లెవరూ మళ్లీ గోళీ అడగలేదు. ముందుగా స్టాక్ చుట్టూ నేల ఊడిపిస్తాం. గింజలు, చెత్త ఉంటే కవరు నేలకు అతుక్కోదు. బస్తాల స్టాక్ మొత్తం మీద మందపాటి ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులు మూరెడు నేల మీద పరిచి, వాటి మీద ఇసుక పాములు పెడతాం. పాములంటే గుడ్డతో కుట్టిన సన్నని పొడుగాటి సంచుల్లో ఇసుక నింపినవి. ఒకదాని కొస మీద ఇంకో దాని కొస ఎక్కాలి, మధ్యలో వేలు దూరే సందు ఉండొద్దు. కవరుకు ఎక్కడైనా చిరుగు ఉంటే టేపు వేస్తాం. ఒక మూల మాత్రం చివరిదాకా తెరిచి ఉంచుతాం, గోళీలు పెట్టేది అక్కణ్నుంచే.

చేతులకు పొడి కాటన్ గ్లౌజులు వేసుకోవాలి. రబ్బరువి వేసుకుంటే లోపల చెమట పడుతుంది, మన మిర్యాలగూడ ఎండలో చెప్పక్కర్లేదు, ఆ తడి గోళీకి తగిలితే అంతే. డబ్బా మూత ఆరుబయట, గాలి ఆడేచోట, మొహానికి దూరంగా పట్టుకుని తిప్పుతాం. మూసి ఉన్న డబ్బాలో కొంచెం గ్యాస్ చేరి ఉంటుంది, అది మూత తీయగానే ఒక్కసారి బయటికొస్తుంది. గాలిలో ఈ గ్యాస్ 1.8 శాతం దాటితే దానంతటదే అంటుకోగలదు. అందుకే గోళీలను ఒకచోట కుప్ప పోయం. ట్రేలో ఒకదానికొకటి ఎడంగా పరుస్తాం. ఎప్పుడూ ఇద్దరం ఉంటాం. ఒక్కడే చేయడానికి వీల్లేదు, మేనేజర్ ఎంత తొందర పెట్టినా సరే. పెట్టేసి ఆఖరి మూల మూసి, నాలుగు వైపులా పుర్రె గుర్తు బోర్డులు తగిలించి, గోదాం తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకుంటా. కనీసం 7 రోజులు ఎవరూ లోపలికి పోవద్దు.

మాస్కు సంగతి ఒకటి చెప్పాలి. కరోనా తర్వాత ప్రతి ఇంట్లో మాస్కులున్నాయి కదా, అది కట్టుకుని పెడతామంటారు. ఆ మాస్కు దుమ్మును ఆపుతుంది, గ్యాస్‌ను కాదు. తడి తువ్వాలు కూడా అంతే. మేం వాడేది మొహమంతా కప్పే మాస్కు, దానికి ఫాస్ఫీన్‌ను వడకట్టడానికే తయారుచేసిన ఫిల్టర్ డబ్బా ఉంటుంది. అది కూడా 15 పీపీఎం వరకే పనికొస్తుంది. గ్యాస్ ఎంతుందో తెలియని చోటికి పోవాలంటే వీపు మీద గాలి సిలిండర్ ఉండాల్సిందే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మనిషి ముక్కును నమ్మడం. "వాసన పోయింది, ఇంకేం లేదు" అంటారు. శుద్ధమైన ఫాస్ఫీన్‌కు వాసనే ఉండదు. మనకు వచ్చే వెల్లుల్లి వాసన, కుళ్లిన చేపల వాసన అందులోని కల్తీల వల్ల వచ్చేది. గోళీలో కలిపిన ఇంకో పదార్థం నుంచి అమ్మోనియా ఘాటు కూడా కొంత వస్తుంది. ఈ వాసనలను గింజలు పీల్చేసుకుంటే గ్యాస్ ఉండగానే వాసన పోవచ్చు. అందుకే మేం మీటరుతో చూస్తాం. పాతకాలపు ఆపరేటర్లు సిల్వర్ నైట్రేట్‌లో ముంచిన కాగితం పట్టి చూసేవాళ్లు, గ్యాస్ ఉంటే అది నల్లబడుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన బీడీ వాసన అరకిలోమీటరు దూరం నుంచి పట్టేవాడు, ఆయన కూడా ఈ విషయంలో తన ముక్కును నమ్మలేదు.

కొన్నేళ్ల కిందట ఒక మిల్లులో, పేరు ఎందుకులే, స్టాక్ కప్పి వచ్చాం. పక్క గదిలో ఎవరూ పడుకోరని మిల్లు వాళ్లు రాసిచ్చారు. రాత్రి వాన పడింది. బయట పడుకునే వాచ్‌మన్ మంచం ఎత్తుకుని గోదాం గోడకు ఆనుకున్న గదిలోకి పోయాడు. ఆ గోడలో, బస్తాల వెనక కనపడకుండా, మోటారు కేబుల్ కోసం కొట్టిన బొక్క ఉంది. తెల్లారేసరికి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు. అక్కడివాళ్లు రాత్రి తిన్న చికెన్ పడలేదనుకుని సోడా తాగించారు. మా కుర్రాడు చెకింగ్‌కు పోయి గది గుమ్మంలో మీటరు పెట్టగానే అలారం మోగింది. వెంటనే బయటికి తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండె కొట్టుకోవడం సరిగా లేదని ఉంచి చూశారు. బతికాడు, ఇప్పటికీ ఆ మిల్లులోనే ఉన్నాడు. ఫుడ్ పాయిజన్ అనుకుని ఇంకో నాలుగు గంటలు అక్కడే పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఈ గ్యాస్ తగిలినప్పుడు మొదట కనిపించే లక్షణాలు అవే: తలనొప్పి, వికారం, వాంతి, నీరసం, ఛాతీ బిగపట్టినట్టు ఉండడం, దగ్గు, ఆయాసం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయి, ఆ ఇంట్లో బియ్యం గోళీ ఉంటే తిండి మీద అనుమానం తర్వాత, ముందు బయటికి రండి.

రాగి అన్నా ఈ గ్యాస్‌కు పడదు. వైర్లు, మోటారు వైండింగ్, ఫోన్లు, కంప్యూటర్లు పాడవుతాయి. బంగారం, వెండి కూడా రంగు మారతాయి. పనికొచ్చేవాళ్లు ఉంగరాలు తీసి రావాలని చెబుతా.

చట్టం సంగతి కూడా వినండి. ఈ మందు మన దేశంలో ఆంక్షలున్న మందుల్లో ఉంది. ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే, అదీ నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. పది, ఇరవై గోళీలు పట్టే చిన్న ట్యూబులనైతే పూర్తిగా నిషేధించారు, అవి ఇళ్లలోకి పోతాయనే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఎన్ఐపీహెచ్ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ హెల్త్ మేనేజ్‌మెంట్) అనే కేంద్ర సంస్థ ఫ్యూమిగేషన్ మీద శిక్షణ ఇస్తుంది. నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు అక్కడికి పోండి. అయినా కిరాణం కొట్టులో కాగితంలో చుట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. కాగితంలో చుట్టిన గోళీ అప్పటికే గ్యాస్ వదులుతూ ఉంటుంది, కొనుక్కున్నవాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. నాకు ఇంతకంటే కోపం తెప్పించేది ఇంకోటి లేదు.

జరగరానిది జరిగితే ఏం చేయాలంటే, మనిషిని గాలి వచ్చే వైపుకు, ఆరుబయటికి తీసుకుపోవాలి. గ్యాస్ బాగా ఉన్న గదిలోకి ఆవేశంగా దూకి తెచ్చేవాడు రెండో పేషెంట్ అవుతాడు. తలుపులు, కిటికీలు బయటినుంచి తెరవగలిగితే తెరవండి, 108కి, ఫైర్ వాళ్లకు 101కి చేయండి. పొడి ఒంటి మీద పడితే పొడిగా ఉండగానే దులిపి, బట్టలు ఆరుబయట విప్పి, ఆ తర్వాతే ఎక్కువ నీళ్లతో కడగాలి. నోట్లోకి పోయిందని అనుమానం ఉంటే ఉప్పు నీళ్లు పోసి వాంతి చేయించే పని అసలు పెట్టుకోవద్దు. నోటితో నోట్లోకి గాలి ఊదొద్దు, ఆ ఊపిరిలో కూడా గ్యాస్ ఉంటుంది. వాంతిలోంచి కూడా వస్తుంది, అందుకే బండిలో తీసుకుపోయేటప్పుడు అద్దాలన్నీ దించాలి. డాక్టరుకు "పురుగుల మందు" అని ఊరుకోకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ అని పేరు చెప్పండి, లేబుల్ ఉంటే ఫోటో చూపించండి. పత్తి చేలల్లో కొట్టే మందులు కొన్నిటికి విరుగుడు ఇంజెక్షన్లున్నాయి. దీనికి విరుగుడు లేదు. గుండెను, ఊపిరిని నిలబెట్టడమే వైద్యం. కాస్త తేరుకున్నాడని ఇంటికి తెచ్చేయొద్దు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఆలస్యంగానూ జరుగుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, డాక్టర్లు కూడా అడగొచ్చు.

గోళీలకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లడం చేతులారా గ్యాస్ పెంచుకోవడమే. పొడి ఇసుక పోయాలి.

మరి ఇంట్లో పురుగు పడితే ఎట్లా అంటారా? మా నాయనమ్మ కాలంలో గుమ్ముల్లో దాచింది వడ్లు. పొట్టు ఉన్న గింజకు పురుగు అంత తేలిగ్గా పట్టదు. అవసరమైనప్పుడు కొన్ని తీసి పట్టించుకునేవాళ్లు. మనం ఏడాది బియ్యం ఒకేసారి పట్టించి, పొట్టు లేని గింజలను గోనె సంచుల్లో పెట్టి పురుగు పడుతోందంటాం. సొంత వడ్లు ఉన్నవాళ్లు వడ్లుగానే ఉంచుకోండి. కొనేవాళ్లు నెలకు సరిపడా కొనుక్కోండి. బాగా ఆరిన బియ్యం గాలి దూరని డ్రమ్ములో పోసి, పైదాకా నింపి బిగించండి, లోపల గాలి తక్కువైతే పురుగు బతకదు. నీడన ఎండిన వేపాకు వేసేవాళ్లు వేసుకోండి, దానివల్ల ఎంతో కొంత మేలే. పురుగు పట్టిన బియ్యాన్ని జల్లెడ పట్టి, పొద్దుటెండలో కాసేపు ఆరబోస్తే అవే పారిపోతాయి. నడినెత్తి ఎండలో మాత్రం ఉంచకండి, బియ్యం పగిలి నూకవుతుంది. కందిపప్పుకు కొంచెం ఆముదం రాయడం మీ అమ్మలకు తెలిసిందే.

ఇప్పటికే ఇంట్లో గోళీలుంటే భయపడి మోరీలోనో బావిలోనో పారేయకండి. నీళ్లు తగలడమే దానికి కావాల్సింది. పొయ్యిలో వేయొద్దు, చెత్తబండిలో వేయొద్దు. అసలు డబ్బాలోనే ఉంటే మూత తెరవకుండా, తడి తగలకుండా, మనుషులు పడుకోని చోట పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టి మండల వ్యవసాయ అధికారికి ఫోన్ చేయండి. బస్తాల్లో పెట్టేసి ఉంటే మాత్రం ఈ రాత్రికి ఆ ఇంట్లో పడుకోవద్దు. తలుపులు తీసి బయటికొచ్చి ఎవరైనా తెలిసిన ఆపరేటరును పిలవండి. మిర్యాలగూడ చుట్టుపక్కల అయితే ఆ పనికి నేను వస్తా, పైసా తీసుకోను.