రాత్రి రెండింటికి మోగిన ఫోన్

అమెరికాలో ఒక కాలేజీలో హాస్టల్స్ చూసుకునే ఉద్యోగం నాది, ఇక్కడ దీన్ని స్టూడెంట్ అఫైర్స్ అంటారు. చేరిన ఏడాది ఒక రాత్రి రెండింటికి ఆన్‌కాల్ ఫోన్, అంటే అత్యవసరానికి డ్యూటీలో ఉన్నవాళ్ళ దగ్గరుండే ఫోన్, మోగింది, పరిగెత్తుకెళ్తే ఒక అమ్మాయి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నా. పొద్దున ఆఫీసుకెళ్తే రిపోర్ట్ ఎప్పుడిస్తావ్ అన్నారే గానీ నువ్వెలా ఉన్నావ్ అని ఒక్కరూ అడగలేదు, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తది.

ఆ తర్వాతే నాస్పాలో చేరా. మాలాగా స్టూడెంట్ అఫైర్స్‌లో పనిచేసేవాళ్ళ కోసం 1919లో మొదలైన సంఘం అది, 1924లో పుట్టిన ఏసీపీఏ ఇంకోటి, ఈ రెండూ కలిసి 2015లో మా పనికి ఏమేం తెలిసుండాలో పది విభాగాలుగా రాసిపెట్టాయి, అది చదివాకే నేను చేసేది కూడా ఒక వృత్తే అని గట్టిగా అనిపించింది. నాస్పాలో ఆసియా, పసిఫిక్ దీవుల వాళ్ళకి ఒక గ్రూప్ ఉంది, అక్కడ పరిచయమైన ఒక సీనియర్ మేడమ్ నెలకోసారి ఫోన్ చేస్తారు, మొదటి ప్రశ్నే "తింటున్నావా, నిద్ర పడుతోందా?" అని. మెంబర్‌షిప్ ఫీజు మాత్రం కాలేజీలే కట్టాలని నా మాట, మా జీతాలకి అది బరువే.

ఈసారి కొత్తగా చేరిన ఇద్దరు నాతో మాట్లాడతామన్నారు. రేపు సాయంత్రం మొదటి కాల్.